పట్టీ మారింది సరే, చరిత్ర ఎందుకు మార్చాలి?

ఒకే ఉక్కు హెల్మెట్. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే అచ్చులో తయారైంది. మామూలు సైనికుడిదని చీటీ కడితే ఒక ధర పలుకుతుంది. పారాట్రూపర్‌దని కడితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. "1944 జూన్ 6న నార్మండీలో దూకినవాడిది" అని ఇంకో ముక్క చేరిస్తే ఇక అడగక్కర్లేదు, వేలంపాటలో చేతులు వాటంతటవే లేస్తాయి. ఇంత తేడా తెచ్చేది ఏమిటయ్యా అంటే, చాలాసార్లు, గడ్డం కింద కట్టుకునే జానెడు నవారు ముక్క!

పాత సైనిక వస్తువులు సేకరించేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. నకిలీలు చేసేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. హెల్మెట్ గిన్నెని కొత్తగా చెయ్యాలంటే ప్రెస్సు కావాలి, డై కావాలి, సరైన ఉక్కు కావాలి. పట్టీ మార్చడానికి సూదీ దారం చాలు. అందుకే హెల్మెట్ మొత్తంలో ఎక్కువసార్లు మారేది పట్టీయే, ఎక్కువ అబద్ధాలు చెప్పించేదీ పట్టీయే.

ఈ వ్యాసంలో నేను వాదించేది రెండు ముక్కలు. ఒకటి, పాత పారాట్రూపర్ హెల్మెట్ పట్టీని చూసి "ఇది ఫలానా సంవత్సరం కంటే ముందుది కాదు" అని చెప్పొచ్చుగానీ, "ఇది ఫలానా రోజున ఫలానా చోట ఉంది" అని చెప్పలేం. రెండు, తర్వాతి కాలపు పట్టీ ఉన్న హెల్మెట్‌కి ఆ పట్టీ కోసేసి "అసలు కాలానికి" తీసుకురావడం బాగుచెయ్యడం కాదు, సాక్ష్యం చెరపడం. చాలామంది దీన్ని రిస్టోరేషన్ అని గర్వంగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పట్టీ కథ కొంచెం తెలియాలి.

దూకేవాడికి వేరే పట్టీ ఎందుకు?

నేలమీద పోరాడే సైనికుడు గడ్డం పట్టీని అంతగా పట్టించుకోడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలు చూడండి. చాలామంది అమెరికన్ సైనికులు పట్టీని హెల్మెట్ వెనకవైపుకి తిప్పి కట్టేసుకుని కనిపిస్తారు. బాంబు పేలినప్పుడు ఆ గాలి హెల్మెట్‌ని పట్టి ఈడిస్తే, గడ్డం కింద పట్టీ ఉంటే మెడ విరుగుతుందని వాళ్ళ భయం. ఆ భయానికి జవాబుగానే టీ1 అనే బకిల్ వచ్చింది. గట్టిగా లాగితే అది తనంతట తానే ఊడిపోతుంది.

పారాట్రూపర్ సమస్య సరిగ్గా దీనికి తలకిందులు. అతను సీ-47 లాంటి విమానం తలుపులోంచి గంటకి 150 కిలోమీటర్లు దాటిన గాలిలోకి దూకుతాడు. కొన్ని క్షణాల్లో పారాచూట్ తెరుచుకుని ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపులో హెల్మెట్ ఎగిరిపోతే కింద నిలబడ్డవాడి ప్రాణానికి ముప్పు. ఎగిరిపోకుండా ముందుకి వాలితే దూకినవాడి ముక్కు పగులుతుంది. అంటే ఇక్కడ కావలసింది ఊడే పట్టీ కాదు, ఊడని పట్టీ. పైగా రెండు బిందువుల దగ్గర మాత్రమే పట్టుకుంటే హెల్మెట్ ఆ రెండిటి మధ్య ఇరుసుమీద తిరిగినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మెకానిక్స్ మొదటి సెమిస్టర్ పాఠమే ఇది. అందుకే పారాట్రూపర్ హెల్మెట్లలో పట్టీ రెండు చోట్ల కాకుండా ఎక్కువ చోట్ల పట్టుకుంటుంది. జర్మన్ల ఎం38 హెల్మెట్లో తోలు పట్టీలు రెండు పక్కలా చీలి ముందూ వెనకా బిగుస్తాయి. బ్రిటిష్‌వాళ్ళది మెడ వెనక నుంచి కూడా పట్టుకునే ఏర్పాటు. అమెరికన్లది ఇంకో దారి, దాన్ని కొంచెం వివరంగా చూద్దాం. నకిలీలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

అమెరికన్ హెల్మెట్: చెవుల కథ

1940లో అమెరికన్ సైన్యం పారాచూట్ దళాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ళ దగ్గర దానికి తగిన హెల్మెట్టే లేదు. తొలి రోజుల్లో శిక్షణకి రిడెల్ కంపెనీ ఫుట్‌బాల్ హెల్మెట్లు వాడారు. 1941లో ఎం1 హెల్మెట్ వచ్చింది. ఇది రెండు గిన్నెల ఏర్పాటు. పైన మాంగనీస్ ఉక్కు గిన్నె, లోపల తేలికపాటి లైనర్. తలమీద కూర్చునేది లైనర్, దెబ్బ కాచేది ఉక్కు. నేలమీద సైనికుడికి ఇది బ్రహ్మాండంగా సరిపోయింది. దూకేవాడికి మాత్రం ఒక చిక్కు వచ్చింది. గాల్లో రెండు గిన్నెలూ విడిపోతే?

దానికి రెండు మార్పులు చేశారు. ఒకటి లైనర్‌లో. రెండు పక్కలా ఇంగ్లిష్ ఏ అక్షరం ఆకారంలో నవారు పట్టీలు దింపి, వాటికి గడ్డాన్ని పట్టుకునే తోలు గిన్నె తగిలించారు. రెండోది ఉక్కు గిన్నె పట్టీలో. మొదట్లో, చెవి దగ్గర, ఒక టిచ్ బటన్ చేర్చారు. టిచ్ బటన్‌లో సగం పట్టీమీద, మిగతా సగం లైనర్ లోపల ఉంటాయి. రెండూ కలిపి నొక్కితే పై గిన్నె, లోపలి గిన్నె ఒకటిగా ఉంటాయి. ఈ టిచ్ బటన్ గుర్తుపెట్టుకోండి, మన కథలో హీరో, విలన్ రెండూ అదే.

"చెవి" అన్నాను కదా, అదేమిటంటే: పట్టీని గిన్నెకి తగిలించడానికి లోపలి అంచున రెండు పక్కలా వెల్డింగ్ చేసిన లోహపు కడియాలు. గంగాళానికి చెవులున్నట్టే. మామూలు ఎం1కి మొదట్లో ఇవి దీర్ఘచతురస్రాకారంలో, కదలకుండా ఉండేవి. పారాట్రూపర్ల కోసం డెట్రాయిట్‌లోని మెక్‌కార్డ్ కంపెనీ చేసిన ఎం2లో చెవులు ఇంగ్లిష్ డీ అక్షరం ఆకారంలో ఉండేవి. అవి కూడా కదలవు. అసలు ఇబ్బందంతా ఆ కదలకపోవడంలోనే ఉంది. హెల్మెట్ కింద పడ్డా, దానిమీద ఎవరైనా కూర్చున్నా (సైనికులకి హెల్మెట్టే కుర్చీ, అదే బక్కెట్టు) బరువంతా ఆ చిన్న వెల్డుమీద పడి చెవి విరిగేది. మామూలు ఎం1కి 1943 చివర్లో అటూఇటూ వాలే చెవులు వచ్చాయి. పారాట్రూపర్లకి కూడా అలాంటి చెవులతో ఎం1సీ అనే హెల్మెట్‌ని 1945 జనవరిలో అధికారికంగా ఖరారు చేశారు.

ఇప్పుడు కిటుకు చూడండి. ఎం2 గిన్నెని మామూలు ఎం1 నుంచి డీ చెవి వేరు చేస్తుంది. కానీ ఎం1సీ గిన్నెని మామూలు వాలే చెవుల ఎం1 నుంచి వేరు చేసేది ఏమిటి? గిన్నె అదే, చెవులు అవే, రంగు అదే. తేడా అల్లా పట్టీమీది టిచ్ బటన్. అంటే మామూలు ఎం1 తీసుకుని, దాని పట్టీ కోసేసి, టిచ్ బటన్ ఉన్న పట్టీ కుట్టేస్తే పని అయిపోయింది! పారాట్రూపర్ హెల్మెట్ పుట్టేసింది. దూకినవాడు లేడు, దూకడమూ లేదు, కానీ హెల్మెట్ మాత్రం దూకింది.

పట్టీని ఎలా చదవాలి?

మరి పట్టీ ఏ కాలందో ఎలా చెప్పాలి? చూడాల్సినవి ఐదు: గుడ్డ, కుట్టు, బకిల్, టిచ్ బటన్, చెవి. ఒక్కొక్కటీ ఒక్కో సాక్షి. ఏ ఒక్క సాక్షి మాటా గుడ్డిగా నమ్మొద్దు.

గుడ్డ: యుద్ధం తొలి సంవత్సరాల అమెరికన్ పట్టీలు నూలువి. మన నవారు మంచం పట్టీ లాంటి గట్టి నేత, రంగు పచ్చటి ఛాయ ఉన్న ఖాకీ. దాన్ని ఓడీ 3 అంటారు. 1944 వచ్చేసరికి ముదురు ఆకుపచ్చ, అంటే ఓడీ 7 పట్టీలు కనబడతాయి. కాబట్టి ముదురు ఆకుపచ్చ పట్టీ ఉన్న హెల్మెట్‌ని 1942 నాటి ఉత్తర ఆఫ్రికా దాడిదని ఎవరైనా అంటే ఒక నవ్వు నవ్వి ఊరుకోవచ్చు. కానీ దీన్ని తిరగేసి వాడకూడదు. ఖాకీ పట్టీ ఉంది కాబట్టి 1942దే అనలేం. ఫ్యాక్టరీలో పాత స్టాకు అయిపోయేదాకా వాడతారు, డిపోలో పాత పట్టీలు మిగులుతాయి. ఈనాటి నకిలీ పట్టీలు కూడా ఖాకీలోనే వస్తాయి.

కుట్టు: ఫ్యాక్టరీలో పట్టీని చెవి చుట్టూ మడిచి, జీన్స్ ప్యాంటు బెల్టు లూపు దగ్గర ఉంటుందే, అలాంటి దగ్గర దగ్గర మిషను కుట్టు వేసేవాళ్ళు. చేత్తో కుట్టినట్టుంటే తర్వాత ఎవరో తిరిగి కుట్టారన్నమాట. ఎవరు కుట్టారు? 1944లో ఒక సైనికుడా, పోయినేడాది ఒక వ్యాపారా? అది కుట్టు చెప్పదు. దారం కొంత చెబుతుంది. పాలిస్టర్ దారం మార్కెట్లోకి వచ్చింది 1950ల్లో. పాలిస్టర్ దారంతో కుట్టిన పట్టీ రెండో ప్రపంచ యుద్ధపు కుట్టు కానే కాదు. వదులుగా వేలాడే పోగు ఒక్కటి దొరికితే కెమిస్ట్రీ ల్యాబ్‌లో తేలిపోతుంది. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. దయచేసి పట్టీ కత్తిరించి కాల్చకండి, రాలిన పోగు చాలు.

నోట్లు చూసే యూవీ టార్చి కూడా చాలామంది వాడతారు. కొత్త దారాల్లో, గుడ్డల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. మెరిస్తే అనుమానించాలి. అంతవరకే. ఎందుకంటే అసలైన పాత పట్టీని ఎవరో ఈమధ్య సర్ఫ్‌తో ఉతికినా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన పాతదనీ కాదు, ఆ రసాయనాలు లేని గుడ్డ ఇప్పటికీ నేస్తారు.

బకిల్: తొలి బకిళ్ళు పోతపోసిన ఇత్తడివి, మధ్య కడ్డీ ఉబ్బెత్తుగా ఉంటుంది. తర్వాత రేకు నుంచి అచ్చు కొట్టిన సాదా బకిళ్ళు వచ్చాయి. యుద్ధంలో రాగికి ఎంత కరువొచ్చిందంటే 1943లో అమెరికా ఒక సెంటు నాణేన్ని కూడా ఉక్కుతో ముద్రించింది. రాగి, ఇత్తడి తూటాలకి కావాలి మరి. ఒక దేశం ఏ లోహం దాచుకుంటోందో దాని బకిల్ చూసి కొంత చెప్పొచ్చు. మన మెటలర్జీ వాళ్ళకి ఇది వైవాలో అడగదగ్గ ప్రశ్న.

ఇక టిచ్ బటన్. దాన్ని విడిగా చూడకండి, దాని చుట్టూ చూడండి. ఇత్తడి దశాబ్దాల పాటు నూలుకి ఆనుకుని ఉంటే ఆకుపచ్చ చిలుము గుడ్డలోకి దిగుతుంది. ఇనుము అయితే గోధుమరంగు తుప్పు మరక దిగుతుంది. పట్టీకి ఎనభై ఏళ్ళని చెప్పి, టిచ్ బటన్ చుట్టూ గుడ్డ నిన్న కొన్నట్టు శుభ్రంగా ఉంటే ఆలోచించాలి. ఆ బటన్‌కి జోడీ లైనర్‌లో ఉండాలి. ఆ రెండూ ఒకదానికొకటి సరిగ్గా పడాలి. ఎన్నోసార్లు నొక్కి తీసిన అరుగుదల రెండిట్లోనూ కనబడాలి.

చివరిగా చెవి. పట్టీ మడత కింద రంగు చూడాలి. దశాబ్దాలుగా పట్టీ అక్కడే ఉంటే ఆ మేరకి నీడ పడినట్టు తేడా ఉంటుంది. డీ చెవి అయితే వెల్డు చుట్టూ చూడాలి. మామూలు ఎం1 చెవులు కోసేసి డీ చెవులు అతికించిన నకిలీలు ఉన్నాయి. వెల్డింగ్ వేడికి రంగు కాలుతుంది, దాన్ని దాచడానికి మళ్ళీ రంగు వెయ్యాలి, కొత్త రంగు పాత రంగులో కలవదు.

టీ డికాక్షన్ పరీక్ష

కొత్త పట్టీని పాతదిగా చూపించడానికి అందరికీ తెలిసిన చిట్కా టీ డికాక్షన్‌లో నానబెట్టడం. రంగు బాగానే వస్తుంది. కానీ టీకి ఎక్కడికి వెళ్ళాలో తెలియదు కదా, అన్ని చోట్లకీ సమానంగా వెళ్తుంది. మనిషి వాడిన పట్టీ అలా మాయదు. గడ్డం తగిలే చోట చెమటకి నల్లబడుతుంది, ఎండ తగిలే చోట వెలుస్తుంది, బకిల్ కింద నలుగుతుంది, మడత లోపల మాత్రం పుట్టినప్పటి రంగు అలాగే ఉంటుంది. కాలేజీ బ్యాగ్ పట్టీని ఒకసారి పరిశీలించండి, నేను చెప్పేది అర్థమవుతుంది. నాలుగేళ్ళకే అది మన భుజం ఆకారం నేర్చుకుంటుంది. వాడుకకి ఒక లెక్క ఉంటుంది, నకిలీకి ఆ లెక్క రాదు.

బ్రిటిష్ హెల్మెట్‌లోనూ ఇదే కథ

ఈ గొడవ అమెరికాకే పరిమితం కాదు. బ్రిటిష్ పారాట్రూపర్ల ఉక్కు హెల్మెట్‌ని బ్రిగ్స్ మోటార్ బాడీస్ అనే కార్ల బాడీలు చేసే కంపెనీ తయారుచేసింది. మొదటి రకాల్లో పట్టీలు తోలువి. 1944 ప్రాంతంలో వచ్చిన మార్క్ 2 రకంలో నవారు పట్టీలు. తోలు తడిసి ఆరితే బిగుసుకుంటుంది, ఎండకి పగులుతుంది. యుద్ధకాలంలో దొరకడమూ కష్టం. నవారుకి ఆ బాధ తక్కువ.

చిక్కు ఎక్కడంటే, దాదాపు అదే గిన్నెని మోటార్‌సైకిల్‌మీద వార్తలు మోసే సైనికులకీ, ట్యాంకుల్లో పనిచేసేవాళ్ళకీ కూడా వాడారు. వాళ్ళ హెల్మెట్లో లోపలి అమరిక, పట్టీలు వేరు. లోపలివి తీసేసి పారాట్రూపర్ పట్టీలు బిగిస్తే? అవును, మళ్ళీ అదే మాయ. గిన్నెమీద ముద్రించిన సంవత్సరం నిజమే ఉంటుంది, కంపెనీ పేరూ నిజమే ఉంటుంది. అబద్ధం ఉండేది ఆ గిన్నెనీ పట్టీనీ కలిపిన చోట. నిజమైన ముక్కలతో అబద్ధపు వస్తువు చెయ్యొచ్చు. ఇది పట్టీల గురించే కాదు, వార్తల గురించి కూడా పనికొచ్చే మాట.

యుద్ధం అయిపోయాక పట్టీలకేమైంది?

1945తో హెల్మెట్లు రిటైర్ కాలేదు. అమెరికన్ సైన్యం వాటిని పోగుచేసి, రంగు వేసి, చిరిగిన పట్టీలు మార్చి మళ్ళీ ఇచ్చింది. కొరియాకీ వియత్నాంకీ కూడా అవి వెళ్ళాయి. 1950ల తర్వాతి పట్టీల్లో చాలావాటిని చెవికి కుట్టలేదు, లోహపు క్లిప్పుతో తగిలించారు. కుట్టు మిషను లేకుండా ఎవరైనా మార్చుకునే వీలన్నమాట. మెయింటెనెన్స్ కోణంలో చూస్తే ఎంత మంచి డిజైనో!

ఈ కాలపు పట్టీమీదగానీ లైనర్ నవారుమీదగానీ ముద్ర కనబడితే మన పని సులువు. డీఎస్ఏ అన్న అక్షరాలుంటే 1961 చివర్లో ఏర్పడిన డిఫెన్స్ సప్లై ఏజెన్సీ. 1977లో దాని పేరు డీఎల్ఏగా మారింది. కాంట్రాక్టు నంబర్లో డీఎస్ఏ 100 తర్వాత 67 అని ఉంటే అది ఆర్థిక సంవత్సరం. అప్పట్లో అమెరికా ఆర్థిక సంవత్సరం జులైలో మొదలయ్యేది కాబట్టి 1966 జులై నుంచి 1967 జూన్ మధ్య కుదిరిన కాంట్రాక్టు అని అర్థం. స్టాకు నంబర్‌ని కూడా లెక్కపెట్టండి. 11 అంకెలుంటే పాత పద్ధతి. 1974 సెప్టెంబర్ 30 నుంచి రెండంకెలు కలిపి 13 చేశారు. అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు, దశాబ్దం చెప్పేయొచ్చు.

ఒక సూత్రం

ఇవన్నీ కలిపితే వచ్చే సూత్రం ఒకటే. హెల్మెట్‌లో ప్రతి ముక్కకీ దాని వయసు దానిది. వాటన్నిటిలో అన్నిటికంటే చిన్నది ఎప్పటిదో, ఈ హెల్మెట్ ఇప్పుడున్న రూపానికి ఆ తేదీయే తొలి హద్దు. గిన్నె 1942ది, పట్టీ 1944ది, లైనర్ నవారు 1967ది అయితే, ఇప్పుడు మన చేతిలో ఉన్న రూపం 1966 కంటే ముందు లేదు. గిన్నె నార్మండీ చూసిందా? చూసి ఉండొచ్చు. చూసిందని పట్టీ చెప్పగలదా? చెప్పలేదు. ఎప్పటికీ చెప్పలేదు. ఆ రాత్రి నార్మండీలో దూకిన అమెరికన్ పారాట్రూపర్లు సుమారు 13 వేలమంది. వాళ్ళలో ఒకడి తలమీద ఇదే హెల్మెట్ ఉందని చెప్పాలంటే పేరు రాసి ఉండాలి, లేదా సీరియల్ నంబర్ ఉండాలి, ఆ కుటుంబం నుంచి వచ్చిన కాగితాలుండాలి. నవారు రంగు ఆ పని చెయ్యదు.

"బాగుచేశాం" అనేవాళ్ళతో నా పేచీ

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను. సేకరణలో ఉన్న చాలామంది నిజాయితీపరులే. వాళ్ళు మోసం చెయ్యరు, కానీ ఒక పని చేస్తారు. 1942 గిన్నెకి 1960ల పట్టీ ఉంటే అది వాళ్ళ కంటికి నలుసులా ఉంటుంది. కోసేసి, 1942 నాటి పట్టీగానీ, దాని నమూనా పట్టీగానీ కుట్టేస్తారు. "పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేశాం" అంటారు.

వాళ్ళ వాదనలో బలం లేదని అనను. మ్యూజియంకి వచ్చే పిల్లవాడికి 1944 పారాట్రూపర్ ఎలా ఉండేవాడో చూపించాలంటే 1967 పట్టీ అడ్డమే. పైగా సైన్యమే పాత పట్టీ తీసేసి కొత్తది వేసింది కదా, మేం వేస్తే తప్పేమిటి అని అడుగుతారు. మంచి ప్రశ్నే.

తేడా ఇది. సైన్యం పట్టీ మార్చింది ఇంకొకడి తలకి పెట్టడానికి. ఆ మార్పు హెల్మెట్ జీవితంలో జరిగిన సంఘటన. మనం మార్చేది ఆ సంఘటన జరగలేదని చెప్పడానికి. తాతగారి సైకిల్‌కి నాన్నగారు సీటు మార్పించారనుకోండి, అది ఆ ఇంటి కథ. మనం ఆ సీటు పీకి 1950ల మోడల్ సీటు ఎక్కడో కొని బిగించి "తాతగారి సైకిల్, అచ్చం అప్పట్లాగే" అంటే, మధ్యలో దాన్ని ముప్పై ఏళ్ళు తొక్కిన నాన్నగారు ఏమైపోయారు?

ఇంకోటి, ఒకసారి కోసిన కుట్టు మళ్ళీ రాదు. ఫ్యాక్టరీ కుట్టు, దాని కింద రంగు నీడ, దిగిన చిలుము, ఇవన్నీ కలిస్తేనే సాక్ష్యం. కోసిన మరుక్షణం అవి పోతాయి. రేపు ఇంతకంటే మంచి పరీక్ష ఏదో వస్తుంది, పరీక్షించడానికి మాత్రం ఏమీ మిగలదు. పైగా ఈరోజు నిజాయితీగా "పట్టీ నేనే మార్చాను" అని చెప్పి అమ్మినవాడి మాట, రెండు చేతులు మారేసరికి హెల్మెట్‌తో పాటు వెళ్ళదు. మూడో చేతికి అది "అసలు సిసలు ఎం1సీ" అయిపోతుంది. మంచివాడు మొదలుపెట్టిన పనిని మోసగాడు పూర్తిచేస్తాడు.

చూపించాలంటే దారి ఉంది. నమూనా గిన్నెకి నమూనా పట్టీ వేసి పక్కన పెట్టండి, నమూనా అని పెద్ద అక్షరాలతో రాయండి. పాతదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వదిలెయ్యండి.

కొరియా పట్టీ తక్కువదా?

తర్వాతి కాలపు పట్టీ అంటే సెకండ్ క్వాలిటీ అన్న భావం మన చరిత్రకి ఎంత అన్యాయం చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. భారతీయ పారాచూట్ దళం 1941 అక్టోబర్లో 50వ భారతీయ పారాచూట్ బ్రిగేడ్‌గా పుట్టింది. 1944 మార్చిలో మణిపూర్ కొండల్లో సంగ్‌షాక్ దగ్గర జపాన్ సైన్యాన్ని ఆపడానికి ఆ బ్రిగేడ్ పోరాడింది. 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖా పారాట్రూపర్లు దూకారు. ప్రపంచ మార్కెట్లో నార్మండీకున్న గిరాకీ ఈ పేర్లకి లేదు.

ఆ తర్వాత కొరియా యుద్ధం. మన దేశం యుద్ధం చేసే సైన్యాన్ని కాకుండా వైద్య దళాన్ని పంపింది, అదే 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. దాని నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్, భారతదేశపు తొలి పారాట్రూపర్లలో ఒకరు. 1951 మార్చి 23న అమెరికన్ 187వ దళం మున్సన్ దగ్గర ఆపరేషన్ టోమహాక్‌లో దూకినప్పుడు, ఆయనతో సహా మన వైద్య దళం వాళ్ళు కొందరు కూడా దూకారు. చంపడానికి కాదు, గాయపడ్డవాళ్ళకి కట్లు కట్టడానికి!

ఇప్పుడు ఆలోచించండి. ఎక్కడో ఒక సంతలో 1943 గిన్నెకి 1950 నాటి పట్టీ ఉన్న హెల్మెట్ దొరికింది. దాన్ని కొన్న సేకరణకర్త "కొరియా పట్టీ, దండగ" అని కోసి పారేసి నార్మండీ పట్టీ కుట్టాడు. ఆ హెల్మెట్ మున్సన్ వెళ్ళిందని నేననడం లేదు, అలా అంటే నేనూ అదే తప్పు చేసినట్టు. కానీ వెళ్ళి ఉండగలిగిన దారిని అతను శాశ్వతంగా మూసేశాడు. ఎక్కువ ధర పలికే చరిత్ర కోసం తక్కువ ధర పలికే చరిత్రని కోసేశాడు. మన చరిత్రలో ఎక్కువ భాగం ఆ తక్కువ ధర పలికే వైపే ఉంది.

మనమేం చెయ్యాలి?

మనలో ఎవరికీ ఎం2 హెల్మెట్ దొరికే యోగం లేకపోవచ్చు. అయినా ఈ పద్ధతి మనకి పనికొస్తుంది. ఇంట్లో పాత గడియారం, అటకమీద రేడియో, ఊళ్ళో ఎవరో మాజీ సైనికుడు దాచుకున్న బెల్టు, ఏదైనా సరే. ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గియ్యండి. మొదటి గడిలో కంటితో చూసింది: నవారు, ముదురు ఆకుపచ్చ, మిషను కుట్టు. రెండో గడిలో దాన్నుంచి మనం ఊహించింది: 1944 కంటే ముందుది కాకపోవచ్చు. మూడో గడిలో ఎవరో చెప్పింది: మా తాత బర్మాలో వాడారట. ఈ మూడు గళ్ళూ ఒకదాంట్లో ఒకటి కలవనివ్వకండి. మూడో గడి అబద్ధమని కాదు, చాలాసార్లు అదే అన్నిటికంటే విలువైనది. కానీ అది మూడో గడిలోనే ఉండాలి. మొదటి గడిలోకి దూకితే ఇక దాన్ని బయటికి లాగడం ఎవరివల్లా కాదు.

డిజైన్ మారితే డ్రాయింగ్‌లో రివిజన్ నంబర్ వేస్తాం, ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో రాస్తాం. పాత రివిజన్‌ని చెరిపేసి కొత్తదే మొదటినుంచీ ఉందని ఏ ఇంజనీరైనా చెబితే ఉద్యోగం ఊడుతుంది. పాత హెల్మెట్ పట్టీ కూడా ఒక రివిజనే. ఉక్కుమీద నూలుతో రాసిన రివిజన్. కత్తెర చేతిలోకి తీసుకునే ముందు దాన్ని చదవండి, ఫోటో తియ్యండి, రాసిపెట్టండి. ఆ తర్వాత కత్తెరని మళ్ళీ డ్రాయర్లో పెట్టెయ్యండి.